పనిముట్టు కొనగానే పని మొదలవదు

సంపాదకులకు,

నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో, ఇంట్లోనే చిన్న చెక్కపని గది అమర్చుకోవడం ఎలాగో వివరిస్తూ వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. చెక్కపనికి ఒక దినపత్రిక రెండు పుటలు కేటాయించడమే అపురూపం కాబట్టి, తప్పులెన్నడానికి కలం పట్టినందుకు కొంత మొహమాటంగానే ఉంది. కానీ ఆ వ్యాసంలో ఒక పెద్ద వెలితి, దానికి జతచేసిన ఛాయాచిత్రంలో ఒక ప్రమాదకరమైన పొరపాటు ఉన్నాయి. వ్యాసం చదివి ఉత్సాహంతో పనిముట్లు కొనుక్కొనేవారు మొదటిదానివల్ల డబ్బు, రెండోదానివల్ల వేళ్లు పోగొట్టుకుంటారేమోనని నా భయం.

వెలితి ఏమిటంటే, కొత్తగా మొదలుపెట్టేవారు కొనవలసిన వస్తువులంటూ ఇరవైకి పైగా పేర్లు ఇచ్చారు. బల్ల మధ్యలోంచి పైకి వచ్చి తిరిగే పళ్లచక్రంతో కోసే టేబుల్ సా ఉంది, గాళ్లు తీసే రౌటర్ ఉంది, గరుకు కాగితంతో రుద్ది నున్నచేసే యంత్రాలు, అంటే సాండర్లు, మూడు రకాలవి ఉన్నాయి, ఎనిమిది ఉలుల పెట్టె ఉంది. సానరాయి లేదు. ‘పదును’ అన్న మాట రెండు పుటల్లో ఎంత వెతికినా ఒక్కసారి కూడా కనబడలేదు. వీణల్లో ఎన్ని రకాలున్నాయో వర్ణించి, శ్రుతి చేసుకోవడం గురించి ఊసే ఎత్తకపోతే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది.

నేను వృత్తి వడ్రంగిని కాను. ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లోనూ సాయంత్రాల్లోనూ పదిహేడేళ్లుగా చెక్కతో కుస్తీ పడుతున్నవాణ్ణి. మొదటి మూడేళ్లు సరిగ్గా ఆ వ్యాసం చెప్పినట్టే నడిచాను. అతుకు కుదరనప్పుడల్లా, చెక్క పెచ్చులు లేచినప్పుడల్లా, లోపం పనిముట్టులో ఉందనుకొని మరొకటి కొనేవాణ్ణి. పనిముట్లు పెరిగాయి గాని పని మెరుగుపడలేదు. అంగట్లోంచి ఇంటికి వచ్చిన పనిముట్టు సగమే తయారైందనీ, మిగతా సగం దాన్ని వాడేవాడు చేసుకోవలసిందేననీ నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ మిగతా సగం గురించి మీ వ్యాసం చెప్పని నాలుగు మాటలు చెప్పనివ్వండి.

కొత్త ఉలిని పెట్టెలోంచి తీసి వెలుతురులో పట్టుకొని చూస్తే, దాని వెన్నువైపు, అంటే ఏటవాలు లేని చదును వైపు, కర్మాగారపు సానచక్రం వదిలిన గీతలు వరసగా కనిపిస్తాయి. తుప్పు పట్టకుండా పూసిన పలుచని పూత అంచుదాకా మెరుస్తూ ఉంటుంది. సాధారణంగా అంచును 25 డిగ్రీల ఏటవాలుకు అరగదీసి పంపుతారు. అది పదును కాదు, పదును పెట్టడానికి వీలుగా తయారుచేసిన ఆకారం మాత్రమే. రెండు నున్నని తలాలు కలిసే గీతనే మనం పదును అంటాం కాబట్టి, ఆ తలాల్లో ఒకటి దున్నిన చేనులా ఉంటే, రెండోదాన్ని అద్దంలా మెరిపించినా గీత మాత్రం పళ్లుపళ్లుగానే వస్తుంది. అందువల్ల కొత్త ఉలికి చేయవలసిన మొదటి పని వెన్నును చదును చేయడం. ఉలి పొడవంతా అక్కరలేదు. అంచు నుంచి ఒక అంగుళం మేర ఏ గీతా లేకుండా నున్నబడితే చాలు. ఇది ఒక్కసారి చేసే పని, విసుగు పుట్టించే పని. ఒక్కో ఉలికి గంట పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఎనిమిది ఉలుల పెట్టె కొనవద్దని నేననడానికి ఇదొక కారణం. అర అంగుళంది ఒకటి, పావు అంగుళంది ఒకటి, ముప్పావు అంగుళంది ఒకటి ఉంటే చాలాకాలం గడిచిపోతుంది. మిగిలిన ఐదూ పెట్టెలో పడుకొని, వెన్ను చదును కాకుండానే తుప్పు పట్టిపోతాయి.

వెన్ను కుదిరాక ఏటవాలు సంగతి. 25 డిగ్రీల వాలు మొత్తాన్నీ ప్రతిసారీ నూరనక్కరలేదు. అంచు దగ్గర మాత్రం 30 డిగ్రీలకు సన్నని రెండో వాలు పెడితే, రుద్దవలసిన లోహం గోటిగీతంత వెడల్పే కాబట్టి రెండు మూడు నిమిషాల్లో పదును తిరిగి వస్తుంది. నీళ్లతో తడిపి వాడే సానరాళ్లు, అంటే నీటిరాళ్లయితే 1000 గరుకుతో మొదలుపెట్టి, 4000 మీదుగా 8000కు పోవడం మామూలు వాడుక; అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన. ఈ మూడు అంకెల కంటే ముఖ్యమైనది, మొదటి రాయి మీద ‘బర్’ వచ్చేవరకూ ఆగకపోవడం. ఏటవాలును రుద్దుతున్నప్పుడు అంచును దాటి అవతలి వైపుకు సన్నని లోహపు పొర మడత పడుతుంది. వెన్ను మీద బొటనవేలిని అంచువైపుకు, అంటే లోపలినుంచి బయటికి మెల్లగా జరిపితే అది చర్మానికి గరుగ్గా తగులుతుంది. ఉలి వెడల్పంతా, ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఆ గరుకు తగలాలి. ఎక్కడ తగలలేదో అక్కడ రాయి ఇంకా అంచును చేరలేదన్నమాట. ఇది తెలియక నేను నెలల తరబడి 8000 రాయి మీద మొద్దు అంచునే మెరిపిస్తూ కూర్చున్నాను; ముఖం చూసుకోవడానికి పనికొచ్చింది గాని చెక్కను మాత్రం కోయలేదు.

కోణం నిలపడానికి చిన్న చక్రం ఉన్న పట్టు, అదే హోనింగ్ గైడ్, వాడటాన్ని కొందరు చిన్నతనంగా భావిస్తారు. నాకలాంటి పట్టింపు లేదు. పక్కల నుంచి బిగించే మామూలు రకం గైడ్‌లో, చెక్కను నున్నచేసే చిత్రిక బ్లేడు 38 మిల్లీమీటర్లు ముందుకు వచ్చేలా బిగిస్తే 30 డిగ్రీలు, 50 మిల్లీమీటర్లయితే 25 డిగ్రీలు వస్తాయి. ఉలికి అవే కోణాలు 30, 40 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. ఒక చెక్కముక్కకు ఈ కొలతల్లో చిన్న ఆపులు మేకు కొట్టి ఉంచుకుంటే ప్రతిసారీ స్కేలు వెతకనక్కరలేదు. నీటిరాళ్లు వాడే కొద్దీ మధ్యలో గుంటపడతాయి. గుంటపడిన రాయి మీద చదునైన వెన్ను కూడా ఉబ్బుతుంది. రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, గీతలన్నీ చెరిగేదాకా వజ్రపు పొడి అంటించిన పలక మీద రుద్దితే రాయి మళ్లీ చదునవుతుంది. పదును కుదిరిందో లేదో చేతి వెంట్రుకలు గొరిగి చూసుకోవడం కంటే, మెత్తని చెక్కముక్క కొసను, నార తెగి కనిపించే ఆ చివరి తలాన్ని, ఉలితో పలుచగా చెక్కి చూడటం మంచి పరీక్ష. పదునైన ఉలి చెక్కిన చోటు నిగనిగలాడుతుంది, మొద్దు ఉలి నారను నలిపి తెల్లని మచ్చలు వదిలిపెడుతుంది.

త్వరగా పని కానిచ్చే ఆశతో కరెంటు సానచక్రం దగ్గరికి పోయేవారికి ఒక హెచ్చరిక. మామూలు కార్బన్ ఉక్కును చక్రం మీద అదిమి పట్టగానే అంచు మొదట ఎండుగడ్డి రంగుకు, తర్వాత గోధుమరంగుకు, చివరికి నీలానికి తిరుగుతుంది. నీలం కనిపించిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఉక్కు గట్టిదనం దిగిపోయిందన్నమాట. నీళ్లలో ముంచినా పోయిన గట్టిదనం తిరిగిరాదు, నీలం దాటి కింది ఉక్కు వచ్చేదాకా అరగదీయడమే దారి. నా ముప్పావు అంగుళం ఉలి ఇప్పుడు తోటి ఉలుల కంటే వేలి కణుపంత పొట్టిగా ఉండటానికి కారణం ఇదే.

ఇక చిత్రిక. కొందరు దీన్ని తోపడ అంటారు, కొందరు దూగోడ అంటారు. పేరేదైనా, చెక్కను పలుచని పొరలుగా తీసి నున్నచేసే ఈ పనిముట్టంత సుఖమూ, ఇంత కష్టమూ పెట్టేది మరొకటి లేదు. క్రీ.శ. 79లో బూడిద కింద కూరుకుపోయిన పాంపేయీలో దొరికిన చిత్రికలకు కూడా చదునైన అడుగు, దానిలో ఒక నోరు, ఆ నోట్లోంచి తొంగిచూసే ఏటవాలు బ్లేడు, దాన్ని బిగించే ఏర్పాటు ఉన్నాయి. ఇవాళ మనం ఎక్కువగా చూసే ఇనుప చిత్రిక రూపం అమెరికా వాడైన లియొనార్డ్ బెయిలీ తీర్చినది. 1869లో స్టాన్లీ సంస్థ ఆయన హక్కులను కొనుక్కున్నప్పటి నుంచి ఆ నమూనాయే ప్రపంచమంతా వ్యాపించింది. పరిమాణాన్ని బట్టి వాటికి నంబర్లున్నాయి: నాలుగో నంబరు నున్నచేయడానికి, 14 అంగుళాల ఐదో నంబరు అన్ని పనులకూ, 22 అంగుళాల ఏడో నంబరు పొడవైన పలకల అంచులు సరిచేయడానికి. ఒక్కటే కొనగలిగితే ఐదో నంబరు కొనమంటాను. అది కొంచెం బరువుగానే ఉంటుంది. కానీ పొడవైన అడుగు మిట్టల మీదుగా పోతుంది గాని పల్లాల్లోకి దిగదు కాబట్టి, పొట్టి చిత్రిక చేయలేని పనిని, అంటే పలకను చదును చేయడాన్ని, ఇది చాలావరకు చేసిపెడుతుంది.

నా మొదటి చిత్రిక నాలుగో నంబరుది. తోస్తే పొర రావడానికి బదులు పెచ్చులు లేచేవి. నాలుగు తోపులకొకసారి నోట్లో పొట్టు ఇరుక్కొని అడ్డుపడేది. పుల్లతో పొడిచి తీసి, మళ్లీ తోసి, మళ్లీ పొడిచి, చివరికి విసిగి ఏడాదిపాటు అల్మరాలో పడేశాను. ఒక సాయంత్రం మరేదో వెతుకుతుంటే చేతికి తగిలింది. బ్లేడునూ, దాని మీద మరతో బిగించే క్యాప్ ఐరన్ అనే రెండో ఇనుప రేకునూ కలిపి కిటికీకి ఎదురుగా పట్టుకొని చూస్తే, రెండూ తాకవలసిన చోట సగం వెడల్పు మేర వెలుతురు గీత కనిపించింది. ఏడాది కిందటి పొట్టు తునక ఒకటి ఆ సందులో ఇంకా ఇరుక్కునే ఉంది. ప్రతి తోపుకూ ఒక పొర ఆ సందులో దూరుతుంటే, దాని వెనుక వచ్చేది ముడుచుకొని నోరు మూసేస్తోంది. రేకు కింది అంచు మాత్రమే రాయిని తాకేలా, వెనుక కొసను రాయి మట్టం కంటే కాస్త దించి పట్టుకొని రుద్దాను. వెలుతురు కనబడకుండా పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ చిత్రికలో ఆ తర్వాత మళ్లీ పొట్టు ఇరుక్కోలేదు.

ఈ క్యాప్ ఐరన్ బ్లేడు అదరకుండా పట్టుకోవడానికే అనుకుంటారు చాలామంది. దాని అసలు పని వేరు. బ్లేడు ముందు లేచే పొర, చెక్క నార లోతుకు దిగుతున్న చోట, బ్లేడు చేరకముందే చీలుతూ ముందుకు పోతుంది. పెచ్చు లేచేది అందుకే. క్యాప్ ఐరన్ అంచుకు బాగా దగ్గరగా ఉంటే, లేచిన పొరను లేచినట్టే ముందుకు వంచి విరిచేస్తుంది కాబట్టి చీలిక ముందుకు పరుగెత్తడానికి వీలుండదు. జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయానికి చెందిన కవాయ్, కాటో అనే పరిశోధకులు కోత జరుగుతున్న తీరును బాగా దగ్గరి నుంచి చిత్రీకరించి దీన్ని కంటికి కనిపించేలా చూపారు. అయితే ఆ దూరం మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల లెక్కలో ఉండాలి. అర మిల్లీమీటరుకు జరిగితే ఉన్నా లేనట్టే. ముతక పనికి ఒక మిల్లీమీటరు, చివరి నున్నదనానికి అంచు మీద వెంట్రుకంత మెరుపు మాత్రమే మిగిలేలా బిగించడం నా అలవాటు. మెలికలు తిరిగిన నార ఉన్న చెక్క మీద కూడా పెచ్చులు లేవకుండా పొర తీసినప్పుడు, కొత్త బ్లేడు కొనమని నాకు సలహా ఇచ్చినవారు గుర్తొచ్చారు.

చిత్రిక అడుగు అద్దమంత చదునుగా ఉండాలన్న మాటను అతిగా నమ్మవద్దు. ముందు కొస, నోటికి ముందున్న పట్టీ, వెనుక కొస ఈ మూడూ ఒకే మట్టంలో ఉంటే చాలు. మధ్యలో ఎక్కడైనా చిన్న పల్లం ఉన్నా నష్టం లేదు. సరిచేయవలసి వస్తే మందపాటి గాజు పలక మీద గరుకు కాగితం అంటించి రుద్దవచ్చు. రుద్దేటప్పుడు బ్లేడును పైకి లాగి ఉంచాలే గాని పూర్తిగా తీసేయకూడదు, ఎందుకంటే బ్లేడు బిగింపు వల్ల అడుగు కొద్దిగా వంగుతుంది. పనిచేసేటప్పుడు ఉండే వంపుతోనే దాన్ని చదును చేయాలి. బ్లేడు లోతు సరిచేసే మరను ఎప్పుడూ ముందుకు తిప్పుతూ ముగించాలి. వెనక్కి తిప్పి ఆపితే మర జారుడు మిగిలిపోయి, రెండు తోపులయ్యేసరికి బ్లేడు తనంతట తానే వెనక్కి పోతుంది. బ్లేడు ఒక పక్కకు ఒరిగిందో లేదో తెలుసుకోవాలంటే వేలెడంత చెక్కముక్కను నోటి ఎడమ కొస మీదా కుడి కొస మీదా లాగి చూస్తే, ఏ వైపు పొర మందంగా వస్తోందో అదే చెబుతుంది. అడుగున కాస్త మైనం రాస్తే తోపు ఎంత తేలికవుతుందో చేసి చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. ఇవన్నీ కుదిరిన చిత్రిక తీసిన పొర, ఈ ఉత్తరం అచ్చయ్యే కాగితం కంటే పలుచగా ఉంటుంది. మీ పత్రిక మీదే పరచి, పొరలోంచి శీర్షికను చదవడం మా ఇంట్లో పిల్లలకు సరదా.

తోసే దిక్కు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పలక పక్క అంచు మీద నార గీతలు కనిపిస్తాయి. అవి ఏ దిక్కుకు పోతూ పైతలం వైపు ఎక్కుతున్నాయో ఆ దిక్కుకే తోయాలి. ఎదురు తోస్తే ఎంత పదునైన బ్లేడైనా నార కింద దూరి పెకలిస్తుంది.

రంపం గురించి వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది, అందులోనూ రంపాలన్నీ ఒకటే అన్నట్టు రాశారు. నార వెంట నిలువునా కోసే రంపానికి పళ్లు చిన్న చిన్న ఉలుల వరసలా ఉంటాయి. నారకు అడ్డంగా కోసే రంపానికి పళ్లు కత్తి మొనల్లా, ఒకటి ఈ వైపు, ఒకటి ఆ వైపు ఏటవాలుగా రాచి ఉంటాయి. ఒకదాని పని రెండోదానితో చేస్తే కోత నత్తనడక నడుస్తుంది, లేదా అంచు చీరుకుపోతుంది. జపాన్ రంపాలు లాగేటప్పుడు కోస్తాయి కాబట్టి వాటి రేకు బాగా పలుచగా ఉండటానికి వీలైంది. తోసేటప్పుడు కోసే రంపపు రేకు వంగకుండా ఉండాలంటే మందంగా ఉండాలి, లేదా వీపున ఇనుప పట్టీ ఉండాలి. కొనేటప్పుడు పళ్ల మొనలు నీలి నలుపు రంగులో ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని ప్రత్యేకంగా గట్టిపరిచారని అర్థం. చాలాకాలం పదును నిలుస్తుంది గాని, మొద్దుబారాక ఆకురాయి వాటిని కొరకదు. ఆకురాయితో పళ్లు రాచుకోవడం నేర్చుకునే ఉద్దేశం ఉన్నవారు మామూలు పళ్లున్నదే తీసుకోవాలి. గీత మీద మొదలుపెట్టిన కోత ప్రతిసారీ ఎడమకే పోతుంటే చేతిని నిందించుకోకముందు రంపాన్ని అనుమానించండి. పళ్లను ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ కొద్దిగా వంచి ఉంచుతారు; ఎడమకు వంచినవి ఎక్కువ బయటికి వచ్చి ఉంటే కోత ఎడమకే జరుగుతుంది. రంపాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఆ వైపు పళ్ల పక్కగా సన్నని సానరాయిని ఒక్కసారి తేలిగ్గా జరిపి, కోసి చూసి, అవసరమైతే మరొక్కసారి. రెండుసార్లకు మించి నాకు ఎప్పుడూ అవసరం పడలేదు.

కొలతల సామాను ఖరీదును బట్టి నమ్మకూడదు. మూలమట్టాన్ని పరీక్షించడానికి నేరుగా ఉన్న పలక అంచూ, ఒక కత్తిమొనా చాలు: అంచుకు ఆనించి ఒక గీత గీసి, మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట మరో గీత గీస్తే, మట్టం సరైనదైతే రెండూ ఒకటవుతాయి. తేడా ఉంటే కనిపించేది అసలు దోషానికి రెట్టింపు. కొనేచోటే, చెల్లించకముందే చేయదగిన పరీక్ష ఇది. అతుకుల గీతలకు పెన్సిలు కంటే కత్తి మేలు, ఎందుకంటే కత్తిగీతలో ఉలి అంచు తనంతట తాను కూర్చుంటుంది. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, ఆ మందంలో ఏ అంచున కోయాలో ప్రతిసారీ సందేహమే. అతుకులో దూర్చే కుసి వదులయ్యేదీ, అది దూరే బెజ్జం చీలేదీ చాలావరకు ఆ సందేహం దగ్గరే.

పాత పనిముట్లు కొనడం గురించి కూడా వ్యాసం మౌనంగా ఉంది. పైన తుప్పు కనిపించగానే పక్కన పెట్టేయడం తొందరపాటు. పైపై తుప్పు వెనిగర్‌లో ఒక రాత్రి నానబెడితే వదులుతుంది, తర్వాత బాగా కడిగి, తుడిచి, నూనె రాయాలి. చూడవలసినవి వేరు. చిత్రిక నోటి చుట్టూ పోత ఇనుములో పగులు ఉందా, బ్లేడు వెన్నున అంచు దగ్గర తుప్పు గుంటలు పడ్డాయా, రంపపు రేకు మడత తిన్నదా. ఈ మూడింటిలో ఏది ఉన్నా వదిలేయడమే మేలు. పిడి విరిగితే మాత్రం బెంగపడనక్కరలేదు, చెక్కపని నేర్చుకునేవాడికి అంతకంటే మంచి మొదటి పాఠం ఏముంటుంది!

పనిబల్ల ఏదైనా సరే, తోస్తే కదలకూడదు. అంతకు మించి దాని అందం గురించి మాట్లాడటం అనవసరం.

యంత్రాలకు నేను వ్యతిరేకిని కాను. నా దగ్గరా టేబుల్ సా ఉంది. కానీ దాన్నీ శ్రుతి చేయాలి. చక్రపు పళ్లలో ఒకదానికి గుర్తు పెట్టి, అదే పన్ను ముందు వైపున్నప్పుడూ వెనుక వైపుకు తిప్పినప్పుడూ బల్ల మీది గాడికి ఎంత దూరంలో ఉందో కొలవాలి. రెండు కొలతలూ ఒకటి కావాలి. కోసేటప్పుడు చెక్కను ఆనించి తోసే పట్టీ, అదే ఆనుడు పట్టీ, ఆ గాడికి సమాంతరంగా ఉండాలి, ఉంటే గింటే వెనుక కొస వెంట్రుకవాసి బయటికే ఉండాలి గాని చక్రం వైపు మొగ్గకూడదు. మొగ్గితే చెక్క చక్రానికీ పట్టీకీ మధ్య నొక్కుకొని, పైకి లేచే వెనుక పళ్లకు చిక్కి, మనిషి మీదికి విసురుగా వస్తుంది. 10 అంగుళాల చక్రం నిమిషానికి 4000 చుట్లు తిరిగితే పంటి మొన వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. విసిరిన చెక్క కూడా ఆ లెక్కలోనే వస్తుంది. కోసిన సందు మూసుకోకుండా చక్రం వెనుకే నిలిచే రైవింగ్ నైఫ్ అనే చిన్న రేకు ఉన్నది దీన్ని ఆపడానికే.

ధూళి మాట కూడా చెప్పాలి. చెక్కధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినట్టు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రచురించింది. కంటికి కనిపించే పొట్టు కంటే, సాండర్ లేపే కనిపించని సన్నని ధూళి ఎక్కువ చెడ్డది; మూడు సాండర్లు కొనమన్న వ్యాసం ఒక్క మంచి మాస్కు కూడా కొనమని చెప్పవలసింది. చప్పుడు 85 డెసిబెల్స్ ఉంటే రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదనీ, ఆపైన పెరిగే ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందనీ నిపుణుల లెక్క. రౌటర్ చప్పుడు మామూలుగా ఆ హద్దుకు పైనే ఉంటుంది కాబట్టి చెవులకూ రక్షణ కావాలి. పదునైన చిత్రిక పట్టిన తలానికి సాండర్ చాలాసార్లు అవసరమే ఉండదన్నది వేరే సంగతి.

ఇప్పుడు ఛాయాచిత్రం. అందులో టేబుల్ సా మీద పలక తోస్తున్న వ్యక్తి చేతులకు మందపాటి గుడ్డ తొడుగులు ఉన్నాయి. చక్రం మీది కప్పు లేదు, రైవింగ్ నైఫ్ లేదు. ఆయన సరిగ్గా చక్రానికి ఎదురుగా, చెక్క విసిరికొట్టే దారిలో నిలబడ్డారు. చిత్రం కింద ‘జాగ్రత్తలు పాటిస్తూ పనిచేయాలి’ అని వ్యాఖ్య ఉంది. తొడుగులు చేతికి రక్షణ అని ఆ చిత్రం తీసినవారు అనుకొని ఉండవచ్చు. తిరిగే చక్రం దగ్గర అవి రక్షణ కావు. బట్ట పోగు ఒక్కటి పంటికి చిక్కినా, ఉత్త వేలయితే తెగి ఆగే గాయం, తొడుగుతో పాటు చేతినంతా లోపలికి లాక్కుపోయే ప్రమాదం అవుతుంది. డ్రిల్ ప్రెస్‌కూ, రౌటర్‌కూ, లేత్‌కూ ఇదే వర్తిస్తుంది. వదులు చొక్కా చేతులూ, మెడలో వేలాడేవీ అంతే.

కాబట్టి వచ్చే ఆదివారం అనుబంధంలో, వ్యాసం వచ్చిన పుటలోనే, ఈ సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను: తిరిగే యంత్రాల దగ్గర చేతి తొడుగులు వాడరాదు, కప్పు, రైవింగ్ నైఫ్ తీసివేయరాదు, చక్రానికి ఎదురుగా కాక కాస్త పక్కకు నిలబడాలి, సన్నని ముక్కలను చేత్తో కాక తోపుడు కర్రతో తోయాలి. ఆ ఛాయాచిత్రాన్ని మాత్రం, తప్పును చూపడానికైనా సరే, మళ్లీ అచ్చువేయవద్దని మనవి. వ్యాఖ్యలు చదవకుండా బొమ్మలు మాత్రమే చూసే పాఠకులు చాలామంది ఉంటారు, మా ఇంట్లోనే ఇద్దరున్నారు.

భవదీయుడు,
మీ పాఠకుడు